ఎర్ర డబ్బా చూపించి అమ్మినవాళ్ళం

సూర్యాపేటలో కంప్యూటర్ల రిపేరు పనిలో చేరిన రోజు నుంచి నా సొంత షాపు షట్టరు ఆఖరుసారి దించిన రోజు దాకా మనుషులు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒక్కటే. ఇంట్లో కంప్యూటర్‌కు ఏ యాంటీవైరస్ వేయించుకోవాలి? ఆ ప్రశ్నకు నేను చాలా ఏళ్ళు అబద్ధం చెప్పాను. తెలియక చెప్పింది కాదు. తెలిసి, జీతం కోసం, కస్టమర్ కళ్ళలోకి చూస్తూ చెప్పాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. హార్డ్‌డిస్క్ ఎట్లా మార్చాలో, పవర్ సప్లై ఎట్లా చూడాలో మీకు ఎవరైనా నేర్పుతారు. ఎదుటి మనిషికి తెలియనితనం మీ చేతిలో ఉన్నప్పుడు ఏం చేయాలో మాత్రం ఎవరూ నేర్పరు. నాకు నేర్పినవాళ్ళు తప్పుగా నేర్పారు. నేను శ్రద్ధగా నేర్చుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు కంటే ముందు కోపం వస్తుంది. ఆ కోపం తగ్గించి రాయాలన్న ఉద్దేశం నాకు లేదు.

మా ఓనర్

పెన్‌పహాడ్ దగ్గర గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టాను. డిగ్రీ రెండోసారి తప్పాక హైదరాబాద్‌లో హార్డ్‌వేర్ కోర్సు చేసి, సూర్యాపేట బస్టాండుకు దగ్గర్లో ఒక కంప్యూటర్ షాపులో కుదిరాను. ఓనర్ పేరు రాయను. ఆయన చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. పనివాళ్ళ ఇళ్ళలో పెళ్ళయితే బంధువుల కంటే ముందు వచ్చేవాడు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు తన బండి మీద దవాఖానకు తీసుకుపోయింది ఆయనే. అందుకే ఆయన చేయిస్తున్నది తప్పని ఒప్పుకోవడానికి నాకు అన్నేళ్ళు పట్టింది.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. ఎవరైనా కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తున్నదని తెస్తే, లోపల దుమ్ము చూడక ముందే, ర్యామ్ చూడక ముందే, వైరస్‌లు వెతికే ఒక ఉచిత స్కానర్ నడపాలి. అది కాసేపు తిరిగి తెర మధ్యలో ఎర్ర డబ్బా వేస్తుంది. మీ కంప్యూటర్లో వందల ముప్పులు దొరికాయని అందులో ఉంటుంది. ఆ ముప్పుల్లో చాలావరకు కుకీలు. అంటే మనం చూసిన వెబ్‌సైట్లు గుర్తు కోసం వదిలిపోయే చిన్న ఫైళ్ళు. వాటితో కంప్యూటర్‌కు ఏమీ కాదు. ఆ సంగతి కస్టమర్‌కు తెలియదు. తెర ఆయన వైపు తిప్పి, మేము ఊరుకోవాలి.

“నువ్వు మాట్లాడకు యాదగిరి. గా డబ్బానే మాట్లాడనియ్యి. భయపడనోడు కొనడు” అనేవాడు ఓనర్.

నిజంగానే కొనేవాళ్ళు. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఫొటోలు పోతాయా అని ఆమె అడిగేది. పిల్లల ప్రాజెక్టు పోతుందా అని ఆయన అడిగేవాడు. మేము తల ఊపేవాళ్ళం. యాంటీవైరస్ అట్టపెట్టె బల్ల మీద పెట్టేవాళ్ళం.

ఒకరోజు మా నాయన ఏదో పని మీద సూర్యాపేట వచ్చి, షాపులో ఒక మూల కుర్చీలో గంటసేపు కూర్చున్నాడు. నేను ఇద్దరు కస్టమర్లకు ఎర్ర డబ్బా చూపించడం ఆయన చూశాడు. బస్సు ఎక్కించడానికి వెంట నడుస్తుంటే అన్నాడు: “గొర్లకు డాక్టరు సూదేస్తడు. ఏసేముందు నోరు తెరిచి సూస్తడు, గిట్టలు సూస్తడు. నువ్వేం సూడకుండనే రోగమున్నదని సెప్పవడితివి గదరా.”

ఇది గొర్ల పని కాదు నాయినా అని నవ్వాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మిర్యాలగూడ: ఒక కంప్యూటర్లో మూడు

మిర్యాలగూడలో వెంకన్న అని రైస్ మిల్లులో లారీలు తూచే వేబ్రిడ్జి మీద పనిచేసే ఆయన ఉండేవాడు. కూతురు శిరీష ఇంటర్ అయిపోయి ఎంట్రన్సుకు దరఖాస్తు చేస్తున్నది. ఆఖరు తేదీ ఆ మర్నాడే. కంప్యూటర్ ఆన్ చేస్తే తెరుచుకోవడానికే అరగంట పడుతున్నది, ఫారం సగం నింపేసరికి ఆగిపోతున్నది. వెంకన్న ఫోన్ చేసిన గొంతు విని పొద్దున మొదటి బస్సుకే వెళ్ళాను.

తెరిచి చూస్తే అందులో మూడు యాంటీవైరస్‌లు ఉన్నాయి. ఒకటి మేము వేసింది. రెండోది ఇంకేదో సాఫ్ట్‌వేర్ దించుకుంటుంటే, ముందే టిక్కు పెట్టి ఉన్న గడిని గమనించక తెచ్చుకున్నది. మూడోది పక్కింటాయన మంచి మనసుతో వేసిపెట్టింది. ఏ ఫైలు తెరవబోయినా మూడూ ముందు దాన్ని తనిఖీ చేస్తున్నాయి. అదీగాక ఒకటి తన పనికోసం దాచుకున్న వైరస్ నమూనాలను చూసి ఇంకొకటి వైరస్ దొరికిందని పట్టుకుంటున్నది. పట్టుకున్న ప్రతిసారీ ఒక డబ్బా. ఆ పిల్ల ఫారం నింపడం మానేసి డబ్బాలు మూసుకుంటూ కూర్చున్నది.

“మూడుంటే ఇంకా గట్టిగ ఉంటదనుకున్న సార్” అన్నాడు వెంకన్న.

ఆయన్ను అనడానికి ఏమీ లేదు. ఒక కంప్యూటర్లో రెండు యాంటీవైరస్‌లు ఉండకూడదని ఆయనకు ఎవరు చెప్పారు? పెట్టె అమ్మిన మేము చెప్పామా?

రెండు తీసేశాను. కంప్యూటర్ కదిలింది. శిరీష మధ్యాహ్నానికి దరఖాస్తు పంపింది. అంతటితో నేను లేచి రావలసింది. కానీ మేము వేసిన దాని గడువు దగ్గరపడిందని ఓనర్ పొద్దున్నే గుర్తుచేసి పంపాడు. ఇది పొడిగించుకోకపోతే మళ్ళీ ఇదే గతి అని వెంకన్నతో అన్నాను. అప్పుడు శిరీష అడిగింది.

“సార్, దీంట్ల ముందే ఒకటుంది గదా. సెట్టింగ్స్‌ల చూసిన. మీరు మీది ఏస్తే అది ఆఫ్ అయితున్నది. అది సరిపోదా?”

కంప్యూటర్‌తో పాటే వచ్చే రక్షణ గురించి ఆ పిల్ల అడుగుతున్నది. మొదట్లో అది బలహీనంగా ఉన్న మాట నిజం. కానీ ఆనాటికే బాగా మెరుగుపడింది. ఆ సంగతి నేను చదివాను, నాకు తెలుసు.

“అది పేరుకే ఉంటదమ్మా” అన్నాను.

శిరీష ఇంకేమీ అడగలేదు. పెద్దవాడు, పని తెలిసినవాడు చెప్తున్నాడు కదా అనుకుని ఉంటుంది. వెంకన్న పొడిగించుకున్నాడు. సరైన ప్రశ్న వేసిన పిల్ల నోరు నేను అట్లా మూయించాను. ఈ పనిలో మీరు చేయగల పాపాల్లో ఇది చిన్నది కాదు.

వేములపల్లి: మేరీ టీచర్ పాటలు

మేరీ టీచర్ ప్రభుత్వ బడిలో పనిచేసి రిటైరై వేములపల్లిలో ఉంటున్నది. ఆమె చేస్తున్న పని ఆ చుట్టుపక్కల ఇంకెవరూ చేయలేదు. వరి నాట్లు వేసే కూలీ ఆడవాళ్ళ దగ్గరికి పోయి, వాళ్ళు నాట్లప్పుడు పాడుకునే పాటలు ఫోన్లో రికార్డు చేసేది. ఫోన్ నిండగానే కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోన్లోవి తీసేసేది. తర్వాత ఒక్కో పాటా విని మాట మాట టైపు చేసేది. పాడిన మనిషి పేరు, ఏ ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదో కింద రాసి, పేర్లూ ఊర్లూ ఒక నోటుపుస్తకంలో కూడా ఎక్కించేది. రిటైరైన నాటి నుంచి అదే పని. ఆమె తల్లి కూడా నాట్లేసిన మనిషే. “మా అమ్మ పాటలు నేను రాసుకోలే. గందుకే వీళ్ళయి రాస్తున్న” అని ఒకసారి చెప్పింది.

పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారుతున్నాయని ఆమె షాపుకు ఫోన్ చేసింది. అది ఆ రోజుల్లో మామూలు వైరస్, పెద్ద ప్రమాదం కాదు. ఓనర్ నన్ను పంపుతూ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అందులో పేరున్న యాంటీవైరస్‌కు క్రాక్ చేసిన కాపీ ఉంది. క్రాక్ అంటే, డబ్బు కట్టిన అసలు కాపీ అని సాఫ్ట్‌వేర్‌ను మోసం చేసి నమ్మించే ఒక చిన్న ప్రోగ్రామ్. దాన్ని నడిపే ముందు కంప్యూటర్‌లో ఉన్న రక్షణ అంతా ఆపేయాలి. లేకపోతే ఆ రక్షణ దాన్నే వైరస్ అని పట్టుకుంటుంది. ఎందుకు పట్టుకుంటుందో మేము ఆలోచించలేదు. అసలు కాపీ అని రసీదు రాసి ఇచ్చేవాళ్ళం.

మేరీ టీచర్ పక్కనే కూర్చుని ఉండగా, ఆమె కంప్యూటర్ రక్షణను నా చేత్తో ఆపేశాను. క్రాక్ నడిపాను. పచ్చ రంగు టిక్కు వచ్చింది. ఇక భయం లేదు టీచర్ అని చెప్పాను.

కొన్ని వారాల తర్వాత ఆమె మళ్ళీ ఫోన్ చేసింది. పాటలు ఏవీ తెరుచుకోవడం లేదు. వెళ్ళి చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా అర్థం లేని అక్షరాల తోక ఉంది. తెర మీద ఒక ఇంగ్లీషు నోటు. నీ ఫైళ్ళకు తాళం వేశాం, డబ్బు పంపితే తాళంచెవి ఇస్తాం అని దాని సారాంశం. దీన్ని రాన్సమ్‌వేర్ అంటారు. జాగ్రత్తగా ఉండాలని ఆమె పాటలకు ఇంకో కాపీ పెట్టుకున్న పెన్‌డ్రైవ్ ఎప్పుడూ కంప్యూటర్‌కే గుచ్చి ఉంచేది. దానిలోవి కూడా పోయాయి.

ఫైళ్ళ తేదీలు, వేళలు చూసుకుంటూ వెనక్కి పోయాను. అన్నిటికీ మొదట ఉన్నది నేను నడిపిన క్రాక్. ఆ రోజు అది పచ్చ టిక్కు చూపించి, వెనకాల ఇంకో ప్రోగ్రామ్‌ను దించి పెట్టింది. అది ఇన్ని వారాలు ఆగి తన పని చేసింది. దొంగను ఇంట్లోకి తెచ్చింది నేను. కుక్కను కట్టేసి మరీ తెచ్చాను.

బయటికి వచ్చి ఓనర్‌కు ఫోన్ చేశాను. కొత్త వైరస్, ఎవరి చేతుల్లో లేదని చెప్పి రమ్మన్నాడు. నేను అదే చెప్పాను. మేరీ టీచర్ కాసేపు తెర వైపు చూసి, నువ్వేం చేస్తవులే అని, చాయ్ పెట్టి తెచ్చింది. ఎండన పడి వచ్చినవని రెండోసారి కూడా పోసింది. తాగి వచ్చాను.

నాలుగు రోజులు ఆ హార్డ్‌డిస్క్ కాపీ పెట్టుకుని కూర్చున్నాను. కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు భద్రతా నిపుణులు ఉచితంగా తాళంచెవులు తయారుచేసి పెడతారు. దొరికినవన్నీ ప్రయత్నించాను. ఒక్కటీ దీనికి పట్టలేదు. ఐదో రోజు వేములపల్లి పోయి, అరుగు మీద కూర్చున్న ఆమెకు మొత్తం చెప్పాను. కాపీ దొంగది, వైరస్ దానితోనే వచ్చింది, వేసింది నేను.

అంతా విని ఆమె అడిగింది.

“మొన్న వచ్చిననాడు నీకు తెలుసునా?”

“తెలుసు టీచర్.”

“పాటలు పోయినయని ఏడ్చిన. గదొక తీరు. మొన్న నీకు చాయ్ పోసిన సూడు, గది మతికొస్తే మాత్రం మండుతున్నది.”

నేను తల దించుకుని నిలబడ్డాను. లోపలికి పోయి ఆమె తన నోటుపుస్తకం తెచ్చింది. పాడినవాళ్ళ పేర్లూ ఊర్లూ అందులో చేత్తో రాసి ఉన్నాయి. బండి ఉందా అని అడిగింది. ఉంది అన్నాను. ఆదివారాలు ఏం పని ఉందని అడిగింది. ఏమీ లేదన్నాను.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు ఆమెను బండి మీద ఎక్కించుకుని ఆ ఊళ్ళు తిరిగానో లెక్క లేదు. చాలామంది ఇంట్లో కూర్చోబెట్టి పాడమంటే పాడలేకపోయారు. మడిలో దిగితేనే పాట వస్తదమ్మా అన్నారు. అందుకని నాట్లు పడేదాకా ఆగాం. ఆ వానాకాలం గట్టు మీద మేరీ టీచర్ నిలబడేది, నేను ప్యాంటు పైకి మడుచుకుని ఆడవాళ్ళ పక్కన బురదలో ఫోన్ పట్టుకుని నడిచేవాణ్ణి. గీ అబ్బాయి ఎవరని వాళ్ళు అడిగితే, పాటలు పోగొట్టిన అబ్బాయి అని ఆమె చెప్పేది. తిట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు. వాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు నవ్వు వచ్చేది కాదు.

సగానికి కొంచెం ఎక్కువే మళ్ళీ దొరికాయి. ఎల్లమ్మ అని ఒక ముసలామె అంతకు ముందు ఎండాకాలంలోనే చనిపోయింది. అందరికంటే ఎక్కువ పాటలు పాడింది ఆమేనట. ఆమె కూతురి దగ్గరికి పోతే, ఒక పాట మొదటి రెండు వరసలు వచ్చు, ఆ తర్వాత రాదన్నది. మేరీ టీచర్ ఆ రెండు వరసలే రాసుకున్నది. కింద చాలా చోటు ఖాళీగా వదిలింది.

ఓనర్ అన్న మాట

నేను నిజం చెప్పి వచ్చానని తెలిసి ఓనర్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు.

“మంచిగనే చేసినవ్. ఇగ ఆమె పది మందికి చెప్తది. గా పది మంది వేరే షాపుకు పోతరు. ఆడ గుడ గిదే కాపీ ఏస్తరు. ఏం మారింది చెప్పు?”

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. అందరూ అదే చేస్తున్నారన్న మాట నిజమే కావచ్చు, కానీ మేరీ టీచర్ ఇంట్లో ఆ పని చేసింది అందరూ కాదు. నేను. మీకూ ఇట్లా నెమ్మదిగా, ప్రేమగా చెప్పే ఓనర్లు తగులుతారు. అరిచే ఓనర్ కంటే వీళ్ళతోనే జాగ్రత్త. ఆ నెలాఖరుకు పని మానేసి, సూర్యాపేటలోనే ఒక చిన్న గది కిరాయికి తీసుకుని సొంతంగా రిపేర్లు మొదలుపెట్టాను.

కోదాడ నుంచి ఫోను

సొంత షాపు పెట్టిన చాలా ఏళ్ళకు, ఒక మధ్యాహ్నం కోదాడ నుంచి సరోజనమ్మ గారు ఫోన్ చేసింది. ఆమె భర్త సుబ్బారావు గారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఓనర్ దగ్గర ఉన్న రోజుల్లో వాళ్ళ కంప్యూటర్ చూసింది నేనే.

“బాబూ, కంప్యూటర్లోంచి సైరన్ మోగుతుందండి. వైరస్ వచ్చింది, ఈ నంబరుకు చేయండని వచ్చింది. ఆయన చేశారు. వాళ్ళెవరో ఏదో ఎక్కించమంటే ఎక్కించారు. ఇప్పుడు బాణం దానంతటదే కదులుతుంది. బ్యాంకు పేజీ తెరవమంటున్నారు.”

“అమ్మా, గోడకున్న ఇంటర్నెట్ డబ్బా వైరు పీకెయ్యండి. ఆయన్ను అడగొద్దు. ముందు పీకెయ్యండి.”

ఫోన్ పట్టుకునే ఆమె పోయి పీకేసింది. సుబ్బారావు గారు ఆమె మీద అరవడం నాకు వినిపించింది. మధ్యలో తీస్తే కంప్యూటర్ మొత్తం పాడైపోతుందని ఆ మోసగాడు ముందే చెప్పి పెట్టాడట. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన మాట కాదని చేసిన పని అదొక్కటేనని తర్వాత ఆమె అన్నది. డబ్బు పోలేదు. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయించి, సైబర్ మోసాల ఫిర్యాదు కూడా చేయించి, కోదాడ బస్సెక్కాను. దూరం నుంచే కంప్యూటర్‌ను నడిపించడానికి ఆ మోసగాడు ఎక్కించిన రిమోట్ ప్రోగ్రామ్ తీసేసి, ఇంకో ఫోన్ నుంచి పాస్‌వర్డులన్నీ మార్పించాను.

పని అయ్యాక సరోజనమ్మ గారు అడిగింది. ఆ ఇంట్లో డబ్బు కట్టి కొన్న యాంటీవైరస్ ఉంది, మీరు వేసిందే కదా, ఇది ఎందుకు ఆపలేదు? నేను సర్ది చెప్పబోయాను. మనిషి తనంతట తానే ఫోన్ చేసి, తానే తలుపు తీస్తే, ఏ సాఫ్ట్‌వేర్ అయినా పెద్దగా చేయలేదు. అది నిజమే. కానీ సుబ్బారావు గారు మధ్యలో ఒక మాట అన్నారు.

“నేను రోజూ చూసేది అదేనయ్యా. మీ గడువు అయిపోతుంది, మీరు ప్రమాదంలో ఉన్నారని మీ యాంటీవైరసే ఎర్రగా చూపించేది. చూపించినప్పుడల్లా దాన్ని నొక్కాను. ఇది కూడా అట్లాగే ఉంది. నొక్కాను.”

ఎర్ర రంగు చూస్తే ఆలోచన మానేసి నొక్కాలని ఆయనకు నేర్పింది దొంగ కాదు. మేము. తయారుచేసిన కంపెనీలు, అమ్మిన షాపులు, తెర తిప్పి ఊరుకున్న నాలాంటివాళ్ళు. మేము ఏళ్ళ తరబడి దున్ని ఉంచిన మడిలో వాడు వచ్చి నాటుకున్నాడు. కాపాడతామని డబ్బు తీసుకుని, దొంగ మాట్లాడే భాషలోనే మాట్లాడారు ఈ కంపెనీలవాళ్ళు. ఏది దొంగ డబ్బానో, ఏది అసలు డబ్బానో ముసలివాళ్ళకు తేడా తెలియకుండా చేశారు. ఆ కంపెనీల ఆఫీసుల్లో కూర్చుని ఆ మాటలు రాసినవాళ్ళలో ఒక్కరైనా సుబ్బారావు గారి ఎదురుగా కూర్చుని ఆ మాట వినాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మరి అడిగితే ఏం చెప్పాలి

మీరు షాపులో కూర్చున్న మొదటి రోజే ఎవరో ఒకరు అడుగుతారు. ముందు కంప్యూటర్ చూడండి. సిస్టమ్ కొత్తదేనా, అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా, ఆగిపోయాయా? అప్‌డేట్లు ఆగిపోయిన పాత సిస్టమ్ మీద ఎంత మంచి యాంటీవైరస్ వేసినా తడికె మీద తాళం వేసినట్టే. అది చెప్పండి. సిస్టమ్ సరిగా ఉంటే, దానితో పాటే వచ్చిన రక్షణ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇంట్లో వాడే చాలా కంప్యూటర్లకు అది సరిపోతుంది. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి నాకు ఈ పనిలో సగం కాలం పట్టింది.

కొందరికి బయటిది కొనడం పనికొస్తుంది. ఇంట్లో నాలుగైదు కంప్యూటర్లుండి అన్నీ ఒకచోట నుంచి చూసుకోవాలనుకునేవాళ్ళు, కనిపించినదల్లా నొక్కే పిల్లలున్నవాళ్ళు. వాళ్ళకు కూడా పెట్టె మీద బొమ్మ చూసి ఇవ్వకండి. ఎవరి జీతం తీసుకోకుండా పరీక్షలు చేసే సంస్థలు ఫలితాలు ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో పెడతాయి, అవి చదవండి. అది కంప్యూటర్‌ను ఎంత నెమ్మది చేస్తుందో, రోజుకు ఎన్నిసార్లు బెదిరిస్తుందో, వద్దనుకుంటే పూర్తిగా పోతుందో లేదో మీ సొంత కంప్యూటర్లో వేసి చూడండి. మీరు వాడనిది అమ్మకండి. రెండోది వేయాలంటే మొదటిది తీయాలి. ఉచితంగా వచ్చేవాటిలో మంచివీ ఉన్నాయి, మనం ఏం చూస్తున్నామో ఆ వివరాలు అమ్ముకునేవీ ఉన్నాయి. క్రాక్ గురించి నేను ఇంకేం చెప్పాలి. మీ ఓనర్ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి రక్షణ ఆపేయమన్న రోజు, ఆ పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి ఇంటికి పోండి.

అన్నిటికంటే ముందు కాపీ. ఫొటోలు, పాటలు, పిల్లల సర్టిఫికెట్లు ఇంకో డిస్క్‌లో పెట్టించి, పెట్టగానే ఆ వైరు తీసేయించండి. తీసి బీరువాలో పెట్టించండి. ఈ పనికి కంపెనీలు మీకు కమిషన్ ఇవ్వవు. అందుకే ఏ షాపువాడూ చెప్పడు. మేరీ టీచర్ ఇప్పుడు ఒకటి బీరువాలో, ఒకటి మిర్యాలగూడలో చెల్లెలి ఇంట్లో ఉంచుతున్నది.

పాలకీడు రైతు

నా షాపు శాశ్వతంగా మూసేసే వారంలో పాలకీడు నుంచి ఒక రైతు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చాడు. పేరు సైదులు. బిడ్డ నర్సింగ్ చదువుతున్నదట. అన్నీ ఎక్కించి, యాంటీవైరస్ కూడా మంచిది వేయమన్నాడు. అప్‌డేట్లు పెట్టాను, దానిలో ఉన్న రక్షణ ఆన్ చేశాను, కాపీ ఎట్లా పెట్టుకోవాలో కాగితం మీద రాసిచ్చాను. యాంటీవైరస్ కొనక్కర్లేదు, ఉన్నది సరిపోతుందని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. బిడ్డకు తక్కువ చేస్తున్నానని అనుకున్నాడో, ఈయనేం కొనగలడని నేను అనుకుంటున్నానని అనుకున్నాడో. సరే సార్ అని, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రోడ్డు దాటి ఎదుటి షాపులోకి పోవడం నాకు కనిపించింది. పిలుద్దామనుకున్నాను. వినని మనిషికి ఎన్నిసార్లు చెప్తామని ఊరుకున్నాను.

మూడో రోజు తండ్రీ బిడ్డా ఇద్దరూ వచ్చారు. బిడ్డ పాఠం చదువుకుంటుంటే తెర మీద అడ్డంగా హెచ్చరికలు వస్తున్నాయి. ఇంకా ఎక్కువ పైసల ప్యాకేజీ కొనకపోతే మీ ఫైళ్ళు సురక్షితం కాదంటున్నాయి. ఆ పిల్ల రెండు రోజులుగా భయపడి ల్యాప్‌టాప్ తెరవలేదట. ఎదుటి షాపువాళ్ళు వేసిన యాంటీవైరస్ తీసేశాను, దానిలోని రక్షణ మళ్ళీ ఆన్ చేశాను. పది నిమిషాల పని.

సైదులు లేచి నిలబడి, వెళ్ళబోతూ అన్నాడు.

“నువ్వు తెలిసినోడివి సార్. నేను ఎదురు షాపుకు పోతుంటే సూసినవ్ గదా. పట్టుకొని ఆపొద్దా? మెల్లగ చెప్పి ఊకున్నవ్. గాళ్ళేమో గట్టిగ చెప్పిండ్రు.”

అందుకే ఇదంతా గట్టిగా రాశాను.